అయిందా అని అడిగాను, ఎక్కడ అని అడగలేదు

2025 జూలై 4, శుక్రవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటి హాల్లో, రెండేళ్ళ పది నెలల మా అమ్మాయికి పగటిపూట కట్టే డైపర్‌ను శాశ్వతంగా విప్పాను. దేశమంతా స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకునే రోజును కావాలనే ఎంచుకున్నాను. ఆ వారాంతంలో వరసగా మూడు రోజులు సెలవు. నేను చదివిన పద్ధతికి సరిగ్గా మూడు రోజులు చాలునట. నాకు నలభై ఏడేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా కార్ల బ్రేకు భాగాల కొలతలు సరిగా ఉన్నాయో లేదో తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నాను. మిల్లీమీటరులో వందో వంతు తేడాను పట్టుకోగలిగినవాడికి ముప్ఫై పౌండ్ల పిల్ల అల్పాచమానాన్ని ఒక ప్లాస్టిక్ గిన్నెలోకి మళ్ళించడం పెద్ద పని కాదని నా అభిప్రాయం.

తొందరకు కారణం ఉంది. ఆగస్టు 25, సోమవారం నాడు అమ్మాయి ప్రీస్కూల్లో చేరాలి. డైపర్ కట్టుకున్న పిల్లల్ని వాళ్ళు చేర్చుకోరు. చేరిన పిల్ల టాయిలెట్ వాడలేదని తేలితే ఆ సీటు వెయిటింగ్ లిస్టులో తరవాతి వారికి వెళ్ళిపోతుంది. పాపను చూసుకోవడానికి ఆరు నెలల కోసం వచ్చిన మా అత్తగారి తిరుగు ప్రయాణం ఆగస్టు 28న. పాప పుట్టాక ఇంటిపట్టునే ఉండిపోయిన మా ఆవిడ, పదకొండు ఇంటర్వ్యూలు ఇచ్చి, పదకొండోదాంట్లో నెగ్గి, జూలై 7న ఉద్యోగంలో చేరబోతోంది. సీటు పోతే పాపను చూసేవాళ్ళుండరు. చూసేవాళ్ళు లేకపోతే ఆవిడ ఉద్యోగం మానుకోవాలి. మా ఇంట్లో ఒకరి బతుకుతెరువు ఒక చిన్నపిల్ల మూత్రాశయం మీద ఆధారపడిందన్న సంగతి ఆ పిల్లకు తప్ప అందరికీ తెలుసు.

మూడు రోజుల పద్ధతిని తూచా తప్పకుండా అమలు చేశాను. తివాచీ చుట్టి పక్కన పెట్టాను. కప్ప ఆకారంలో ఉన్న ఆకుపచ్చ పాటీని, అంటే పిల్లల కమోడును, హాలు మధ్యలో ప్రతిష్ఠించాను. ఇరవై నిమిషాలకొకసారి మోగేలా ఫోన్లో అలారం పెట్టాను. పిల్లకు పాటీ అమితంగా నచ్చింది. దానిమీద కూర్చుని కార్న్‌ఫ్లేక్స్ తింది, టీవీ చూసింది, బొమ్మకు జోల పాడింది. ఒక మధ్యాహ్నమంతా దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగింది. మిగిలిన పని మాత్రం సోఫా వెనక్కి వెళ్ళి చేసుకుంది.

"ఇందులో పోయాలమ్మా సుస్సు," అన్నాను.

"ఇది నా కుర్చీ నాన్నా."

"కుర్చీ కాదు, పాటీ."

"కుర్చీలో సుస్సు పోస్తే అమ్మ మ్యాడ్ అవుతుంది," అంది, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

ఆదివారం సాయంత్రానికి లెక్క తేలింది. మొత్తం సంఘటనలు ముప్ఫై ఎనిమిది. పాటీలో జరిగినవి సున్నా. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, చేతులు కట్టుకుని, "ఏమండీ, మీ ప్రాజెక్ట్ స్టేటస్ ఏమిటి? గ్రీనా, రెడ్డా?" అని అడిగింది. నేను తుడుపు గుడ్డ పిండుతుంటే, "నేల చూస్తే ఎల్లో అని తెలుస్తోంది లెండి," అని తనే ముగించింది.

ఇక్కడ మా అత్తగారికీ నాకూ ఉన్న సంబంధాన్ని వివరించాలి. ఆవిడ గోదావరి జిల్లా మనిషి. పద్ధతి తెలిసిన మనిషి. నేను హాల్లోకి వస్తే లేచి నిలబడతారు. ఆవిడ మోకాళ్ళకు శ్రమ కలగకూడదని నేను హాల్లోకి రావడం తగ్గించుకున్నాను. నేను రావడం తగ్గించానంటే ఏదో కోపం ఉందేమోనని ఆవిడ మరింత వినయం పెంచారు. ఒకే బల్ల దగ్గర కూర్చున్నా, "అల్లుడుగారిని ఇంకొంచెం పప్పు వేసుకోమనవే," అని కూతురితో చెబుతారు. "చాలని చెప్పు," అని నేనూ కూతురితోనే చెబుతాను. పద్నాలుగేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఒక్క అపార్థం రాలేదు. అర్థం చేసుకోవలసిన అవసరమే రాలేదు కాబట్టి.

జూలై 7, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నరకు మా మధ్యవర్తి, అంటే మా ఆవిడ, ఉద్యోగానికి వెళ్ళిపోయింది. వారంలో మూడు రోజులు నేను ఇంటినుంచే, బేస్‌మెంట్లో కూర్చుని పనిచేస్తాను. పైన అత్తగారూ పాపా. మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనానికి వెళ్ళేసరికి ఆవిడ ఫ్రిజ్ పక్కన సగం కనబడేలా నిలబడి ఉన్నారు. కన్నబిడ్డ మలమూత్రాల విషయమై అత్తగారిని నేరుగా ప్రశ్నించడానికి తగిన వాక్యం కోసం నేను పొద్దుటినుంచీ రెండు మీటింగుల్లో ఆలోచిస్తూనే ఉన్నాను.

"పాపకి... అయిందాండీ?"

"ఆఁ, అయిందండీ."

"రెండూనా?"

"రెండూనండీ. పెరుగు వేసుకోండి."

సంభాషణ అంతటితో ముగిసింది. ఇద్దరికీ ప్రాణం లేచివచ్చింది. బేస్‌మెంట్లోకి దిగి గోడమీద చార్టుకు రెండు నక్షత్రాలు అంటించాను. మరునాడూ అయిందన్నారు. ఆ మరునాడూ అయిందన్నారు. ఆఫీసుకు వెళ్ళిన రోజుల్లో రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ద్వారా అడిగించి తెలుసుకునేవాణ్ణి. సెలవు రోజుల్లోనూ పాప పని అమ్మమ్మే చూసుకునేవారు. అయిందా అని అడిగాను గాని, ఎక్కడ అని అడగలేదు. అల్లుడు అత్తగారిని అడగదగిన ప్రశ్న కాదది. పైగా హాల్లో కప్ప పాటీ ఎప్పుడు చూసినా తళతళలాడుతూ కనిపించేది. ఇంత వాడకంలోనూ దాన్ని ఇంత శుభ్రంగా ఉంచుతున్న పెద్దావిడకు మనసులోనే నమస్కరించుకున్నాను.

జూలై నెలాఖరుకు నక్షత్రాలు యాభై అయ్యాయి. వాటిమీద ఒక గ్రాఫ్ గీసి మా ఆవిడకు చూపించాను. ఆగస్టు 1న ప్రీస్కూలుకు ఈమెయిల్ పంపాను: మా అమ్మాయి టాయిలెట్ వాడకంలో పూర్తి శిక్షణ పొందినదని, సందేహాలుంటే గ్రాఫ్ పంపగలనని. వాళ్ళు గ్రాఫ్ అవసరం లేదన్నారు.

ఈలోగా ఇంట్లో మరొకటి పెరుగుతోంది. జూలై 16న భోజనాల బల్లకు సరిగ్గా పైన, సీలింగ్‌కు బిగించిన జిప్సం అట్ట మీద, లేత గోధుమరంగులో ఒక మరక కనిపించింది. కుర్చీ ఎక్కి కొలిచాను: తొమ్మిది సెంటీమీటర్లు. 21న పదిహేడు. 30న నలభై ఒకటి. మధ్యలో కొంచెం ఉబ్బు.

"కొలవడం కాదండీ, ఎవరినైనా పిలవండి," అంది మా ఆవిడ.

ఆగస్టు 2, శనివారం ప్లంబర్ వచ్చాడు. పై అంతస్తు బాత్రూములో గొట్టాలన్నీ తడిమి చూశాడు. ఎక్కడా లీక్ లేదన్నాడు. గడ్డం గోక్కుంటూ, మీ ఇంట్లో ఎవరైనా టబ్ బయట నిలబడి స్నానం చేస్తారా అని అడిగాడు. నాకు చిన్నతనంగా అనిపించింది. ఈ దేశానికి వచ్చి ఇరవై నాలుగేళ్ళయిందనీ, టబ్ ఎందుకో మాకు తెలుసుననీ ఇంగ్లీషులో మర్యాదగా చెప్పాను. పాపను చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడిన అత్తగారు ఆ ఇంగ్లీషు వేగాన్ని అందుకోలేక, అబ్బాయికి కాఫీ ఇవ్వమని కూతురికి చెప్పారు.

ఆగస్టు 8, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం. సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలు. తాంబూలానికి పిలిచిన ఏడుగురు ఆడవాళ్ళు పట్టుచీరల్లో బల్ల చుట్టూ ఉన్నారు. బల్లమీద పులిహోర, గారెలు, శనగలు, పరవాన్నం. ఇలాంటి సందర్భాల్లో మగవాడి స్థానమైన బేస్‌మెంట్ మెట్ల మీద నేనున్నాను. అప్పుడే పాపను పైకి తీసుకెళ్ళి దింపుకొచ్చిన అత్తగారు బొట్టు పెట్టడానికి కుంకుమభరిణె అందుకున్నారు. ముందు దోసెపెనమంత సీలింగ్ ముక్క ఒకటి ఊడి పులిహోరలో పడింది. తరవాత, తొందరేమీ లేనట్టు, నాలుగడుగుల పొడవున సీలింగ్ వంగి, నాని, కిందికి దిగింది. దానివెంట నీళ్ళు వచ్చాయి.

అందరిలోకీ పెద్దావిడ చీర దులుపుకుంటూ, "అమ్మవారే దిగొచ్చిందనుకున్నాను వదినగారూ. అట్టముక్క," అంది.

"గారెలకేం కాలేదు, మూత ఉంది," అంది పక్కావిడ.

"ఏమండీ," అని పిలిచింది మా ఆవిడ, గొంతు పెంచకుండా. "లీక్ లేదన్నాడుగా మీ ప్లంబర్."

నేను మెట్లెక్కి వచ్చి పైకి చూశాను. చెక్కదూలాల మధ్యనుంచి నీటిచుక్కలు ఒక పద్ధతి ప్రకారం రాలుతున్నాయి. మా అమ్మాయి నా కాలు పట్టుకుని, తనూ తలెత్తి చూసి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: "అది నా సుస్సు. అమ్మమ్మ వాటర్ పోసింది. ఫోర్ మగ్స్."

ఏడుగురు అతిథులు పులిహోర మీదినుంచి చూపు తీసి అత్తగారి మీద పెట్టారు. ఆవిడ కుంకుమభరిణె కింద పెట్టి, పద్నాలుగేళ్ళలో మొదటిసారి, నా ముఖంలోకి చూస్తూ మాట్లాడారు.

"నీళ్ళు పోవని నాకెవరు చెప్పారండీ? బాత్రూమన్నాక మూల తూము ఉండదా?"

మా బాత్రూముల్లో తూము ఉండదు. నేల వాలుగా ఉండదు. పోసిన నీళ్ళు ఎటు వెళ్ళాలో వాటికి ఎవరూ చెప్పి ఉంచరు. పాపను నేలమీద గొంతుక్కూర్చోబెట్టి, పని కాగానే నాలుగు మగ్గుల నీళ్ళు కొట్టి, సాయంత్రానికి నేల ఆరిపోవడం చూసి, ఇల్లు గట్టిగా కట్టారని ఆవిడ సంతోషించారట. రెండో రకానికి మాత్రం కింద ప్రకటనల కాగితం పరిచి, ఎత్తి కమోడులో వేశారట. పాప నెల రోజులుగా ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. నేను అంటించిన నక్షత్రాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అవి ఏ విజయానికి గుర్తులో నాకు తెలియకపోవడమే లోపం.

"మా అత్తగారూ ఇంతే," అంది అతిథుల్లో ఒకావిడ, తాంబూలం సంచీలో వేసుకుంటూ. "మాకు కింద గ్యారేజీ కాబట్టి కారు తడిసింది."

వాళ్ళు వెళ్ళాక ముగ్గురం బల్ల దగ్గర మిగిలాం.

"మరి రోజూ అయిందన్నారు కదండీ," అన్నాను.

"అయిందా అనేగా అడిగారు. అయిందన్నాను. ఎక్కడ అని అడిగితే చెప్పనా?"

"ఆ పాటీ సంగతి?"

"ఆ కప్పబొమ్మా? బొమ్మలో ఎలా పోయిస్తానండీ పిల్లచేత? దుమ్ము పడుతోందని రోజూ తుడిచి పెడుతున్నాను."

మా ఆవిడ బల్లమీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు నవ్వింది. తలెత్తి కళ్ళు తుడుచుకుని, "నవ్వొస్తోంది గాని అమ్మా, ఆ సీటు పోతే నేను మానెయ్యాల్సిందే," అంది. ఆ తరవాత ఎవరికీ నవ్వు రాలేదు. మిగిలిన గడువు పదిహేడు రోజులు. పిల్లకు వచ్చిన విద్య ఒక్కటే: తడవదగిన నేలమీద గొంతుక్కూర్చోవడం. ఆ నేల ఉన్న బాత్రూమును మరునాటినుంచి మరమ్మతు కోసం మూసేశారు. ప్రీస్కూల్లో ఉన్నవి చిన్న కమోడులు. నేను వాళ్ళకు రాసి ఇచ్చిన మాట ఒకటి ఉండనే ఉంది.

మర్నాటినుంచి అత్తగారికీ నాకూ మర్యాదలకు తీరిక లేకపోయింది. కింది అంతస్తులోని చిన్న టాయిలెట్ ముందు గంటకొకసారి కలుసుకునేవాళ్ళం. ముందు ఆవిడ ప్రయత్నించారు. కమోడు మీద కూర్చోబెట్టి పట్టుకుంటే కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయని పాప ఆవిడ మెడకు కరుచుకుని వదలలేదు. జంతికల ఆశ పెట్టారు. జంతికలు తినేసి పెరట్లో చెక్కల డెక్ మీదికి వెళ్ళి పని ముగించుకుంది. తరవాత నా వంతు. కాళ్ళకు ఆనేలా పీట అమర్చాను, ఎత్తు కొలిచి. కమోడుకు చిన్న రింగు బిగించాను. బొమ్మను కూర్చోబెట్టి, వెనకనుంచి గ్లాసుతో నీళ్ళు పోసి ప్రదర్శన ఇచ్చాను. వరసగా నాలుగు రోజులు ఇచ్చాను.

"బొమ్మకి బాగా అలవాటైందండీ," అన్నారు అత్తగారు. "ఇంక పిల్ల సంగతి చూద్దాం."

"మీరు నేలమీద అలవాటు చెయ్యకపోయుంటే..."

"నేను చెయ్యకపోతే సోఫా వెనకాలేగా, మీరు నేర్పినట్టు."

ఇది మా మొదటి పోట్లాట. రెండోది ఆ సాయంత్రమే జరిగింది. మా ఆవిడ ఇంటికి రాగానే ఇద్దరం విడివిడిగా ఆవిడకు ఫిర్యాదు చేశాం. ఆవిడ కారు తాళాలు కూడా కింద పెట్టకుండా విని, "మీ ఇద్దరూ మాట్లాడుకోకపోతేనే బాగుండేది," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 19, మంగళవారం, నేను ఇంట్లో ఉండటానికి సెలవు పెట్టిన రోజు, పదకొండు గంటల ఐదు నిమిషాలకు, మేమిద్దరం వంటగదిలో మూడో పోట్లాటలో ఉండగా హాల్లోంచి చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే పాప కప్ప పాటీ అంచులమీద రెండు పాదాలూ మోపి, కప్ప కళ్ళు రెండూ పట్టుకుని, అమ్మమ్మ నేర్పిన భంగిమలో, నేను కొన్న గిన్నెలోకి గురి చూసి కూర్చుంది. ఒక్క చుక్క బయట పడలేదు.

"అది కూర్చోవడానికి చేసిన వస్తువండీ, నిలబడితే పక్కకు ఒరుగుతుంది," అన్నాను.

"ఒరగనివ్వండి, నేను పట్టుకుంటాను. మీరు మాట్లాడకండి," అన్నారు. అల్లుణ్ణి మాట్లాడవద్దనడం ఆవిడ జీవితంలో అదే మొదలు.

శుక్రవారానికి పీట ఎక్కి, రింగు బిగించిన కమోడు మీద కూడా అదే విధంగా, చెప్పులు విప్పి, ఎక్కి గొంతుక్కూర్చోవడం వచ్చింది. పని చేరవలసిన చోటుకే చేరుతోంది. చేరే విధానమే ఈ దేశపు ఆచారానికి భిన్నం. నేను ప్రీస్కూల్ నిబంధనల పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. పిల్లలు టాయిలెట్‌ను స్వయంగా వాడగలగాలని ఉంది. ఎలా కూర్చోవాలో ఎక్కడా లేదు. రాసి లేని కారణంతో సరుకును తిప్పిపంపకూడదని ఇరవై రెండేళ్ళుగా సరఫరాదారులు నాతో వాదిస్తున్నారు. నేను ఒప్పుకోవడం లేదు. ఆ శుక్రవారం ఒప్పుకున్నాను.

ఆగస్టు 25, సోమవారం, తొమ్మిది గంటలకు పాపను లోపలికి పంపాం. ఇంటికి వెళ్ళాలని ఇద్దరికీ అనిపించలేదు. పార్కింగ్ లాట్‌లో కారులోనే కూర్చున్నాం. నేను ముందు, అత్తగారు వెనక. పదకొండింటికి, "కాఫీ తెమ్మంటారాండీ?" అని అడిగాను.

"అదొచ్చేదాకా ఏమీ దిగదండీ," అన్నారు. "వాళ్ళు గాని వద్దంటే నా టిక్కెట్టు మార్చండి. ఇంకో నెల ఉంటాను. అమ్మాయి మానెయ్యడానికి వీల్లేదు," అన్నారు. వీసా మీద అనుమతించిన గడువు దాటి ఉండకూడదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అలాగేనన్నాను.

మొదటి రోజు ఒంటిపూటే కాబట్టి పన్నెండున్నరకు టీచరు పాపను చేయి పట్టుకుని తెచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. పాప బట్టలు పొద్దున వేసినవే. పూటంతా బాగా గడిచిందనీ, రెండుసార్లు తనే అడిగి వెళ్ళిందనీ చెప్పింది. చిన్న సందేహం, అంది: ఇంట్లో కూడా బూట్లు విప్పి, జతగా పక్కన పెట్టి, పైకెక్కి కూర్చుంటుందా? ఎందుకంటే మరో ఇద్దరు పిల్లలు బూట్లు విప్పేసి ఎక్కడం మొదలుపెట్టారు. ఫరవాలేదు, మెల్లగా నేర్పుతాం, అంది.

నేను అడగవలసినదాన్ని సూటిగా అడిగాను: సీటు ఉన్నట్టేనా? ఆ టీచరుకు ప్రశ్న అర్థం కాలేదు. "ఆఫ్ కోర్స్. సీ యూ టుమారో," అని పాపకు చేయి ఊపి లోపలికి వెళ్ళింది.

"ఏమంటోందండీ?" అన్నారు అత్తగారు కిటికీ దించి.

చెప్పాను. అంతా విని, "బూట్లు విప్పిందటా?" అని మళ్ళీ అడిగి, పాపను ఒళ్ళోకి తీసుకుని బెల్టు కట్టాలని నేను గుర్తుచేసేదాకా అలాగే పట్టుకున్నారు. మా ఆవిడకు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. విషయం చెప్పాక అవతలనుంచి ముక్కు చీదిన చప్పుడైంది. "సరే, ఉంటాను. మీటింగ్ ఉంది," అంది.

అత్తగారు 28న అనుకున్న విమానానికే వెళ్ళారు.

పోయినవి: భోజనాల గది సీలింగ్, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు; దానిమీద పరిచిన దూదిపొర; పై బాత్రూము వాడకం, అయిదు వారాలు; పులిహోర, ఒక పెద్ద గిన్నెడు; పాప లోదుస్తులు, తొమ్మిది; నా సెలవులు, మూడు; ఆగస్టు 7 నాటికి అరవై నాలుగు నక్షత్రాలైన చార్టు, నేనే తీసేశాను.

నిలిచినవి: ప్రీస్కూల్ సీటు ఒకటి; మా ఆవిడ ఉద్యోగం ఒకటి; గారెలు, ముప్ఫై ఒకటి, ఆ రాత్రే తిన్నాం; పాటీ ఒకటి, ఎడమ అంచు కొద్దిగా చిట్లింది; రాత్రిపూట డైపర్లు, రెండు పెట్టెలు, ఇంకా వాడుతున్నాం.